పరీక్ష లేని మరమ్మతు

ఎద్దును కొనబోవు మన కర్నూలు సీమ రైతును ఎమ్మిగనూరు జాతరలో చూడవలెను. పండ్లు చూచి వయస్సు లెక్కగట్టును. సుడులు వెదకును. గిట్టలు తట్టును. కాడి కట్టించి నాలుగడుగులు నడిపించి, నడకలో కుంటు ఉన్నదేమో కనిపెట్టును. అమ్మువాడు ఎంత మంచివాడైనను, వాని మాటకు తల యూపుచునే తన కన్నులనే నమ్మును. ఆ రైతే వాడిన కారును కొనుటకు కర్నూలునకో హైదరాబాదునకో పోయినప్పుడు రంగు చూచి, సీట్లు చూచి, పాటల పెట్టెను మ్రోగించి విని, లక్షల రూపాయలు చేతబెట్టి వచ్చుచున్నాడు. పిమ్మట ఆ బండి దారిలో నిలిచినచో, ఎవరు ఏ భాగము మార్చుమన్న ఆ భాగమును మార్చుచున్నాడు. ఎద్దు విషయమున నున్న తెలివి కారు విషయమున ఏల లేకపోవలెను? ఈ ప్రశ్నయే మాచేత ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

రైతుల పత్రికలో కార్ల ప్రసంగ మేల యని కొందఱు సభ్యులు అడుగవచ్చును. కారు నేడు మన గ్రామములలో ధనికుల వేడుక మాత్రమే కాదు. రోగిని ఆసుపత్రికి జేర్చునది అది; విత్తనమును, పురుగు మందును ఇంటికి దెచ్చునది అది. అంతియ కాదు. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి 6 నిబంధనల చొప్పున తయారగు పికప్ బండ్లలోను, 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టరులకు 2023 జనవరి 1 నుండి వర్తించిన పొగ నిబంధనల చొప్పున వచ్చు కొత్త ఇంజనులలోను, మేమిచ్చట చెప్పబోవు సెన్సారులు పనిచేయుచున్నవి. నేడు పాత కారునకు వచ్చిన చిక్కు, రేపు దుక్కి అదనులో ట్రాక్టరునకు రావచ్చును. కావున ఈ విషయము రైతునకు పరాయిది కాదు.

మా కండ్లయెదుట జరిగిన సంగతి నొకదానిని మొదట చెప్పెదము. డోను ప్రాంతపు రైతు, మన సంఘ సభ్యు డొకరు, తొమ్మిదేండ్లు నడచిన పెట్రోలు కారును కొనిరి. వారి తల్లికి మూత్రపిండముల జబ్బు. వారమునకు రెండు దినములు కర్నూలునకు గొనిపోయి డయాలిసిస్ చేయింపవలెను. బస్సులో ఆ ముసలమ్మ కూర్చుండలేదు, అందుకొఱకే కారు. మే నెల మిట్టమధ్యాహ్నమున, వెల్దుర్తి దాటిన పిమ్మట, పెద్దదారిమీద ఆ కారు తాళము త్రిప్పి ఆపినట్లే చప్పున నిలిచిపోయెను. సెల్ఫు తిరుగును, ఇంజను అందుకొనదు. నీడలేని చోట ముప్పావుగంట గడచిన తరువాత ఏమియు జరుగనట్లే మఱల కదలెను. తల్లి ఆసుపత్రికి చేరినది గాని, ఆమె వంతు దాటిపోయినది. ఆ దినము వైద్యము సగముకాలమే జరిగినదట.

మొదటి మెకానిక్కు చూచి పెట్రోలు పంపు పనిచేయుట లేదని చెప్పి పంపు మార్చెను. వారము తిరుగక మునుపే కారు మఱల నిలిచెను. రెండవ చోట ప్లగ్గులు, కాయిలు మార్చిరి. మఱల నిలిచెను. అప్పుడు ఆ రైతు మాకడకు వచ్చెను. ఆయిలు ఇంజనులతోడను పంపుసెట్లతోడను ఇరువది యేండ్లు కుస్తీ పట్టినవార మగుటచే, మాకు ఇంజను విద్య కొంత తెలియునని ఊరివారి నమ్మకము. మా నమ్మకము అంతకంటె పెద్దది. కోడులు చదువు చిన్న స్కానరును తగిలించి చూచితిమి. ‘పీ 0335’ అని వచ్చినది. క్రాంకు సెన్సారునకు సంబంధించిన కోడు అది. తోడనే పండితులమై, “సెన్సారు పోయినది, మార్చుము” అని తీర్పు చెప్పితిమి. ఆయన మార్పించెను. ఎనిమిదవ దినమున, తల్లి లోపల నుండగా, కారు అదే తీరున నిలిచెను. ఇప్పటికి ఆయన చేతినుండి పదునాలుగు వేల రూపాయలు పోయినవి. అందులో కొంత మా పుణ్యమే.

మా పొరపాటు ఎక్కడ నున్నదో తెలియుటకు ఈ సెన్సారుల పని కొంత తెలియవలెను. ఇంజనులో పైకిని క్రిందికిని ఆడు పిస్టనుల ఆటను గుండ్రని తిరుగుడుగా మార్చునది క్రాంకు షాఫ్టు. దానితో గూడ తిరుగు పండ్లచక్ర మొకటి యుండును. అనేకమగు కార్లలో ఈ చక్రమున 60 పండ్లకు చోటుండి, అందు రెంటిని కావలెననియే విడిచిపెట్టి, 58 పండ్లు మాత్రమే చేయుదురు. దాని కెదురుగా, సుమారొక మిల్లీమీటరు సందున, సెన్సారు బిగింపబడి యుండును. ఒక్కొక్క పన్ను ఎదుటికి వచ్చినప్పుడెల్ల సెన్సారు కారులోని కంప్యూటరునకు ఒక విద్యుత్తు సంజ్ఞ నంపును. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు సెకనుకు 50 చుట్లు, అనగా సెకనుకు 2900 సంజ్ఞలు. పండ్లు లేని సందు వచ్చిన తావును బట్టి పిస్టను ఎచ్చట నున్నదో కంప్యూటరు గ్రహించి, ఏ క్షణమున పెట్రోలు చిమ్మవలెనో, ఏ క్షణమున నిప్పు రవ్వ వేయవలెనో నిర్ణయించును.

వాల్వులను తెఱచి మూయు కామ్ షాఫ్టునకు వేఱొక సెన్సారు కలదు. క్రాంకు రెండు చుట్లు తిరిగినప్పుడు కామ్ ఒక్క చుట్టు తిరుగును. గడియారము ఆఱు గంటలు చూపినప్పుడు అది ఉదయమో సాయంకాలమో ముల్లును బట్టి తెలియదు గదా. పొద్దును చూచి తెలిసికొందుము. క్రాంకు సెన్సారు గడియారపు ముల్లు, కామ్ సెన్సారు పొద్దు. ఈ కారణముచేత కామ్ సంజ్ఞ పోయినను పెక్కు ఇంజనులు ఎట్లో నడచును. సెల్ఫు ఎక్కువసేపు తిప్పవలసి వచ్చును, బలము తగ్గును. క్రాంకు సంజ్ఞ పోయినచో పెక్కు ఇంజనులు ఉన్నపళముగా నిలిచిపోవును.

ఇక మొదటి మెకానిక్కు ఏల పొరబడెనో చూడుడు. తాళము త్రిప్పగనే పెట్రోలు పంపు ఒకటి రెండు సెకనులు తిరిగి ఆగును. ఇంజను తిరుగుచున్నదను సంజ్ఞ క్రాంకు సెన్సారునుండి వచ్చినప్పుడే కంప్యూటరు పంపును మఱల నడపును. సంజ్ఞ లేనిచో పంపు మంచిదయ్యును నడువదు. మెకానిక్కు నడువని పంపును జూచెను, పంపే చెడినదని తలచెను. కాలువలో నీరు రాలేదని కాలువను త్రవ్వినట్లయినది. తూము మూసియున్న సంగతి చూడడాయెను. ఇంజను నిలిచినప్పుడు రవ్వయు లేక, పెట్రోలు చిమ్ముటయు లేక, రెండును ఒక్కసారి పోయినచో, ఆ రెంటికి మూలమైన క్రాంకు సంజ్ఞను ముందుగా అనుమానింపవలెను. రవ్వ ఉండి పెట్రోలు మాత్రమే లేనిచో అప్పుడు పంపు మాట.

మఱి మా తప్పో? పీ 0335 అను కోడు “సెన్సారు చెడినది” అని చెప్పదు; “క్రాంకు సెన్సారు సర్క్యూటులో లోపము” అని మాత్రమే చెప్పును. సర్క్యూటు అనగా సెన్సారు, దాని తీగలు, జాయింటు గూడు, ఎర్తు, కంప్యూటరు అన్నియు. మేము ఐదింటిలో ఒకదానిని ఊహించి, ఊహను తీర్పుగా చెప్పితిమి. వేరుసెనగ పైరు పసుపెక్కినదని చెప్పిన రైతుతో, చేను చూడకుండ, యూరియా చల్లుమని మేమెన్నడైన చెప్పుదుమా? ముదురాకులు ముందు పసుపెక్కినచో నత్రజని కొఱత కావచ్చును. సున్నపు నేలలో లేతాకులు ఈనెలు పచ్చగా నుండి నడుమ పసుపెక్కినచో ఇనుపధాతు లోపము కావచ్చును. రంగు ఒక్కటే, రోగములు వేఱు, మందులు వేఱు. ఆకు రంగు ఎట్టిదో కోడును అట్టిదే. అది సూచన మాత్రమే, నిదానము కాదు.

చివరకు కర్నూలులో ఒక వృద్ధుడగు ఆటో ఎలక్ట్రీషియను ఆ చిక్కు విప్పెను. ఆయన మొదట పానా ముట్టలేదు, ప్రశ్నలు వేసెను. చల్లగా నున్నప్పుడు నిలుచునా, వేడెక్కినప్పుడు నిలుచునా? కుదుపులతో నిలుచునా, ఒక్కసారిగా నిలుచునా? నిలిచిన పిమ్మట సెల్ఫు తిప్పునప్పుడు చుట్ల మీటరు ముల్లు కదలునా? పిమ్మట ఇంజనును బాగుగా వేడెక్కనిచ్చి, అది నడచుచుండగా, సెన్సారు తీగలను పొడవైన ఎండు పుల్లతో మెల్లగా కదలించుచు వచ్చెను. పొగగొట్టము ప్రక్కన ఒక తావున కదలింపగనే ఇంజను ఆగెను. అచ్చట తీగ పైతొడుగు వేడికి పెళుసై పగిలి, లోని రాగిపోగులు దాదాపు తెగియున్నవి. వేడికి అవి విడిపోవును, చల్లబడగా కూడుకొనును. తీగ ముక్క అతికి, వేడి తగులకుండ తొడుగు వేసి, దారి మార్చి కట్టెను. తీసికొన్నది మూడువందల రూపాయలు. ఆ కారు అటుపిమ్మట నిలువలేదు.

దీనివలన సెన్సారు ఎన్నడును చెడదని చెప్పుట లేదు. అయస్కాంతము చుట్టు తీగచుట్టగల సెన్సారులో, వేడికి చుట్ట లోపల తెగి, చల్లారగా కలియుటయు కలదు. అప్పుడు సెన్సారును మార్చవలసినదే. మార్చుటకు ముందు పరీక్ష జరుగవలెనన్నదే మా వాదము. ఆ పరీక్ష క్రమము ఇట్లుండవలెను.

మొదట బ్యాటరీని, ఎర్తు తీగలను చూడవలెను. బలహీనమగు బ్యాటరీతో ఇంజను మెల్లగా తిరిగినచో మంచి సెన్సారు కూడ మంచి సంజ్ఞ నీయలేదు. పిమ్మట కోడులను చదివి, కాగితముమీద వ్రాసికొని, చెఱిపి, ఏ కోడు తిరిగి వచ్చునో కనిపెట్టవలెను. సెల్ఫు తిప్పునప్పుడు స్కానరులో ఇంజను చుట్ల లెక్క కనబడుచున్నదో లేదో చూడవలెను. సున్న కనబడినచో సంజ్ఞ చేరుటలేదని అనుమానింపవచ్చును. మూడవది, కంటి పరీక్ష. తీగలు ఎచ్చటనైన ఒరసికొన్నవా, ఎలుకలు కొఱికినవా, గూటిలో నూనెయో పచ్చని త్రుప్పో పట్టినదా చూడవలెను. పొట్టు బస్తాలచెంత కారు నిలుపు మన ఇండ్లలో ఎలుకల పని తక్కువ కాదు.

నాలుగవది మీటరు పరీక్ష. రెండు తీగల సెన్సారు సాధారణముగా చుట్టగలది; తాళము తీసి, గూడు విడదీసి, చల్లగా నున్నప్పుడును వేడిగా నున్నప్పుడును ఓములు కొలిచి, ఆ కారు పుస్తకములోని అంకెతో సరిచూడవలెను. ఒక కారు అంకె మఱియొక కారునకు చెల్లదు. మూడు తీగలది సాధారణముగా హాల్ జాతి సెన్సారు; దానిని ఓము మీటరుతో కొలువరాదు. దానికి వచ్చు విద్యుత్తు సరిగా వచ్చుచున్నదా, ఎర్తు ఉన్నదా, చక్రము తిరుగునప్పుడు సంజ్ఞ మాఱుచున్నదా యని చూడవలెను. ఐదవది, సెన్సారును విప్పి కొనయందు ఇనుపరజను అంటినదా, బోల్టు వదులైనదా, చక్రపు పన్ను విఱిగినదా చూడవలెను. ఇన్నియు చూచిన పిమ్మటనే కొత్త సెన్సారు మాట. ఈ పనులలో బెల్టులకు, ఫ్యానునకు చేయి దూరముగా నుంచవలెను. విద్యుత్తు ఫ్యాను ఇంజను ఆగిన తరువాతను తనంతట తిరుగవచ్చును.

ఒక హెచ్చరిక. పీ 0340 అనునది కామ్ సెన్సారు సర్క్యూటును గూర్చినది. పీ 0016 అనునది వేఱు. క్రాంకు సంజ్ఞకును కామ్ సంజ్ఞకును పొత్తు కుదురలేదని దాని భావము. టైమింగు చైను సాగియుండవచ్చును, బెల్టు ఒక పన్ను జాఱియుండవచ్చును. అట్టి కారును సెన్సారు మార్చి నడుపుట అపాయము. కొన్ని ఇంజనులలో చైను ఇంకను జాఱినచో పిస్టను వాల్వులకు తగిలి ఇంజనే పాడగును.

కొనుటకు ముందు ఈ సంగతి కనిపెట్టు ఉపాయములు కొన్ని కలవు. అమ్మువాడు బండిని ముందుగా వేడిచేసి యుంచకుండ, చల్లని ఇంజనును మన యెదుటనే కదలింపుమనవలెను. తాళము త్రిప్పగనే ఇంజను గుర్తుగల దీపము వెలిగి, ఇంజను నడవగనే ఆఱవలెను. అసలు వెలుగనే లేదనిన ఎవరో దానిని చంపియుందురని అనుమానింపవలెను. ఎండవేళ ఒక గంట నడిపి, ఏసీ వేసి పావుగంట నిలువబెట్టి, ఆపి, పది నిమిషములకు మఱల కదలింపవలెను. ఇట్లు రెండు మూడు మార్లు చేయవలెను. స్కానరులో కోడులు లేవని సంతోషింపరాదు. కోడులను ఇటీవల చెఱిపియుండినచో, కారు తనను తాను చేసికొను పరీక్షలు ఇంకను పూర్తి కాలేదని అదే స్కానరు చూపును. నిన్న చెఱిపిన కోడు, నేడు రంగు పూసిన కొమ్మువంటిది.

ఇక మెకానిక్కులను గూర్చి. వారినే నిందించుట న్యాయము కాదు. భాగము మార్చినచో మనము మాఱు మాటాడక సొమ్మిచ్చుచున్నాము, గంటసేపు పరీక్షించి తీగ అతికినచో, “ఇంతపాటి పనికి ఇంత యేల?” యని బేరమాడుచున్నాము. భాగమునకు వెల యిచ్చి బుద్ధికి వెల యీయనివానికి భాగములే లభించును. కర్నూలు వృద్ధునకు మన సభ్యుడు మూడువందలే ఇచ్చెను. పదునాలుగు వేలు పోగొట్టినవారిని గూర్చి ఆయన అంతగా బాధపడలేదు గాని, ఈ వృద్ధునకు తక్కువ యిచ్చితినని మాతో రెండుమార్లు చెప్పెను. ఆ మాటలో ధర్మమున్నది.

కావున మేము సంఘము ముందుంచు కోరిక మూడు విధములు. సామాన్యపు మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకును, కోడులు చదువు చిన్న స్కానరు ఒకటి రెండు వేలకును దొరకుచున్నవి. ఒక్కొక్క రైతు వీనిని కొననక్కఱలేదు. సంఘము కొని, స్ప్రేయరులవలె అందఱికి అందుబాటులో నుంచవలెను. రెండవది, ఐ.టి.ఐ. చదివిన మన గ్రామ యువకునకు ఈ పని అప్పగించి, భాగము మార్చినను మార్చకున్నను, పరీక్షకు ఇంత యని కూలి నిర్ణయింపవలెను. మూడవది, ఒక పుస్తకము పెట్టి, ఏ బండి ఏ లక్షణముతో వచ్చినది, ఏమి పరీక్షించిరి, తుదకు ఏమి తేలినది అని వ్రాయింపవలెను. నాలుగేండ్లలో ఆ పుస్తకము ఏ పండితునికంటెను మనకు మేలు చేయును. బయట మరమ్మతు చేయించువారు తీసివేసిన పాత భాగమును, వివరముగల బిల్లును అడిగి తీసికొనవలెను.

సంఘము పంట అప్పులకే గాని కార్లకు కాదని వచ్చు మహాజన సభలో ఎవరైన అనవచ్చును. అప్పు ఇచ్చుట ఒక్కటే సహకారము కాదు. ఉన్న సొమ్ము వృథాగా పోకుండ కాపాడుటయు సహకారమే. పంట అప్పు తీర్పవలసిన పదునాలుగు వేలు పనికిరాని భాగములకు పోయినచో, ఆ నష్టము సంఘపు లెక్కలలోనికి రాకపోదు.

ఆ రైతు తల్లి ఇప్పుడును వారమునకు రెండు దినములు ఆ కారులోనే కర్నూలునకు పోయి వచ్చుచున్నది. మేము దారిలో కనబడినప్పుడు ఆమె కారు ఆపించి, “నాయనా, ఈ తడవ చూచియే చెప్పుచున్నావా?” యని నవ్వుచు అడుగును. చూచియే చెప్పుచున్నామని ఆమెకు మాట యిచ్చితిమి. సభ్యులెల్లరు తమ మెకానిక్కులచేతను, మాబోటి సలహాదారులచేతను ఆ మాటనే ఇప్పించుకొందురు గాక.